పెండ్లి పత్రికల వెనక జపాన్ మాటలు

మా బాపు గొప్పలు చెప్పుకునే మనిషి కాదు. బతుకు మొత్తానికి ఒక్కసారి చెప్పాడు, అదీ నా మీద. ఆ మాట నిలబెట్టడానికి నేను ఒక దసరా నుంచి శివరాత్రి దాకా జపాన్ భాషతో కుస్తీ పట్టాల్సి వచ్చింది.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో సంగతి ఇది. మేము బోధన్‌లో, చక్కెర ఫ్యాక్టరీ సైరన్ వినపడేంత దూరంలో ఉండేవాళ్ళం. బాపు పొద్దున్నే బస్సెక్కి నిజామాబాద్ గంజికి, అంటే అక్కడి పెద్ద మార్కెట్‌కు పోయేవాడు. అక్కడ పసుపు వ్యాపారం చేసే ఒక సేటు దగ్గర ఆయన మునీమ్. లెక్కలు రాయడం, సరుకు చూడడం, బస్తాలు లోడెత్తించడం అన్నీ ఆయన పనే. ఇంట్లో అమ్మ, అవ్వ బీడీలు చుట్టేవాళ్ళు. నేను డిగ్రీ పాసై, ఏ ఉద్యోగమూ దొరక్క, వాళ్ళ పక్కనే చాట ఒళ్ళో పెట్టుకుని కూర్చునేదాన్ని. నాకు ఓపిక తక్కువ, కోపం ఎక్కువ. నేను చుట్టిన బీడీల్లో సగం కార్ఖానావాళ్ళు ఛాట్ కింద తీసేసేవాళ్ళు. ఛాట్ అంటే పనికిరానివని పక్కకు పడేసినవి. నాకైతే ఆ పేరుతో నన్నే పిలిచినట్టుండేది.

సేటు దగ్గరికి ఏటా పసుపు సీజన్లో జపాన్ నుంచి ఒక పెద్దాయన వచ్చి సరుకు చూసి కొనుక్కుపోయేవాడు. ఆయనకు ఇంగ్లీషు అంతంత మాత్రం. అందుకని సేటు హైదరాబాద్ నుంచి ఒక దుబాసీని పిలిపించేవాడు. ఆ దుబాసీకి జపాన్ భాష వచ్చు గానీ పసుపు రాదు. పసుపులో వేళ్ళలా పొడుగ్గా ఉండేది కాడి, గుండ్రంగా ఉండేది గోళ. ఆ తేడా తెలియక ఆయన రెంటినీ కలిపి ఒకటే అని చెప్పాడట. పెద్దాయన కాడి అడిగితే గోళ లోడయింది. దసరా ముందు సేటు అదంతా తవ్విపోసుకుంటూ గద్దె మీద కూర్చుని గొణుగుతుంటే మా బాపు నోరు జారింది.

"మా బిడ్డ నేర్చుకుంటది సేటు. సీజన్ వరకు మాట్లాడ్తది."

సేటు పగలబడి నవ్వాడు. "క్యా మునీమ్‌జీ, బీడీలు చుట్టే పిల్ల జపాన్ మాట్లాడ్తదా?"

"మాట్లాడ్తది. మాట్లాడకుంటే మల్ల నేను మీ గద్దె ఎక్క."

అప్పుడు అక్కడ హమాలీలున్నారు, దళారులున్నారు, పక్క కొట్టు మునీములున్నారు. గంజిలో ఒక మాట అంటే సాయంత్రానికి అది ఊరి చివరి చాయ్ హోటల్ దాకా పోతుంది. ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుంటూ బాపు ఈ సంగతి చెప్పాడు. మా వైపు చూడకుండా చెప్పాడు.

అమ్మ చేతిలో బీడీ అట్లాగే ఆగిపోయింది. "గట్ల ఎందుకన్నవయ్యా? ఎన్నేండ్ల కొలువు! అదేమన్న ఇస్కూల్ల పద్యమా, బట్టీ కొట్టి అప్పజెప్పనీకె?"

"అన్న. అయిపోయింది," అన్నాడు బాపు.

నాకు భగ్గున కోపమొచ్చింది. నన్ను అడగకుండా నా మీద పందెం కాసినందుకు. అంత కోపంలోనూ లోపలెక్కడో సంతోషం కూడా కలిగింది. డిగ్రీ పాసైన రోజు కూడా ఎవరూ అంత గట్టిగా నా మీద నమ్మకం చూపలేదు. ఆ సంతోషం బయటపడకుండా నేను చాట విసురుగా పక్కన పెట్టి లోపలికి వెళ్ళిపోయాను.

మరుసటి వారం బాపు సేటు పని మీద హైదరాబాద్ పోయి, ఆదివారం ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల్లో వెతికి, జపాన్ భాష నేర్పే ఒక పుస్తకం, రెండు క్యాసెట్లు తెచ్చాడు. పుస్తకం ఇంగ్లీషులో ఉంది. అంతకుముందు దాన్ని చదివినవాడు ఎవడో నాలుగో పాఠం దాకా పెన్సిల్‌తో గీతలు కొట్టి ఆపేశాడు. నేను ఆ నాలుగో పాఠం దాటితే చాలు, వాడి కంటే మేలు అనుకున్నాను.

మొదట బడిలో నేర్పినట్టే చేశాను. ఒక పక్క మాట, ఒక పక్క అర్థం. నీళ్ళు, మిజు. అన్నం, గొహన్. రాత్రి అన్నీ వచ్చేవి, తెల్లారితే ఒక్కటీ ఉండేది కాదు. వచ్చిన ఒకటి రెండు మాటలతో కూడా ఏం చెయ్యాలో తెలిసేది కాదు. నీళ్ళు అని తెలిసి ఏం లాభం, నీళ్ళు కావాలా అని అడగడం రాకపోతే?

పుస్తకం ముందుమాట నేను అప్పటిదాకా చదవలేదు. ముందుమాటలు చదివే అలవాటు మాలో ఎవరికుంది? విసుగొచ్చి ఒకరోజు అది చదివితే అసలు సంగతి అక్కడుంది. విడి మాటలు వద్దు, వాక్యాలు నేర్చుకో. ఒక్కో వాక్యానికి ఒక్కో అట్టముక్క చేసుకో. ఒక వైపు జపాన్, వెనక వైపు అర్థం. ఊరికే రోజూ అన్నీ తిరగెయ్యకు. వచ్చినవాటిని కొన్నాళ్ళు వదిలేసి, ఇక మరిచిపోతానేమో అన్నప్పుడు మళ్ళీ చూడు. ఇంతే.

ఇంత చిన్న సంగతి చెయ్యడానికి నాకు పట్టిన తంటా అంతా ఇంతా కాదు. ఒక అట్టముక్క కత్తిరించేదాన్ని. దాని మీద స్కెచ్ పెన్నుతో అంచు గీసేదాన్ని. క్యాసెట్ పెట్టి, ఆపి, వెనక్కి తిప్పి, మళ్ళీ విని ఒక వాక్యం రాసేదాన్ని. తిప్పి అర్థం రాసేదాన్ని. మూలన ఒక పువ్వు వేసేదాన్ని. అప్పుడు రెండో అట్ట పట్టేదాన్ని. సాయంత్రం మొత్తానికి నాలుగు అట్టలయ్యేవి, చూడ్డానికి మాత్రం ముచ్చటగా ఉండేవి.

అమ్మ రెండు రోజులు చూసి ఊరుకుంది. మూడో రోజు ఊరుకోలేదు. "ఒక ఆకు కత్తిరించి, ఒక బీడీ చుట్టి, దానికి దారం కట్టి, మల్ల ఇంకో ఆకు పట్టుకుంటె మనింట్ల పొయ్యి మండుతదానే?"

నాకు ఒళ్ళు మండింది. ఎందుకు మండిందంటే, ఆ సంగతి నాకు తెలియనిది కాదు. పొద్దున తునికాకు తడిపి, అంతా ఒకేసారి రేకు ముక్క పెట్టి కత్తిరించుకుని, అప్పుడు తంబాకు పోసి చుట్టుకుంటూ పోవడం నేను పలక పట్టకముందే చూసిన పని. పుస్తకం చేతిలోకి రాగానే ఆ పని తెలివి ఎక్కడ పెట్టి మరిచిపోయానో!

ఆ రోజు నుంచి పని తీరు మారింది. ఒక పూట కత్తిరించడమే. ఆకు కత్తిరించే రేకునే అట్ట మీద పెట్టి కత్తిరిస్తే ముక్కలన్నీ ఒకే కొలతకు వచ్చేవి. ఒక పూట క్యాసెట్ వినడమే. ఆపకుండా వింటూ వాక్యాలన్నీ చిత్తు కాగితం మీద గీకేసేదాన్ని. ఇంకో పూట వాటిని అట్టల ముందు వైపు ఎక్కించేదాన్ని, మరో పూట వెనక వైపు. పువ్వులు బంద్. జపాన్ లిపి జోలికి కూడా పోలేదు. తెలుగక్షరాల్లోనే రాసుకున్నాను. నేను మాట్లాడాలి, అంతే. పండితులెవరైనా తిట్టుకుంటే తిట్టుకోనీ.

ఇక అట్ట ఎక్కడిది? కొనాల్సిన పని లేదు. పెండ్లిళ్ళ సీజన్ అయిపోయాక ప్రతి ఇంట్లో గడియారం వెనక, అద్దం వెనక పెండ్లి పత్రికలు కుప్పగా ఉండేవి. మంచి దళసరి కాగితం, వెనక అంతా ఖాళీ. నేను ఇంట్లోవి, చుట్టుపక్కల వాళ్ళవి పోగేసి కత్తెర పెట్టగానే అవ్వ అరిచింది.

"ఓసి నీ చెయ్యిరగ! పెండ్లి పత్రిక కత్తిరిస్తవా? పసుపు పెట్టి పంచిన కాగితమది! ఒకలి సంసారం మీద కత్తెర పెట్టినట్టే! సదవేస్తె ఉన్న మతి పోయిందట గీ పిల్లకు!"

"పెండ్లి అయిపోయింది కదనే అవ్వా, ఇంకెందుకది?"

"పెండ్లయింది. సంసారం నడుస్తలేదా?"

అవ్వతో వాదించి గెలిచినవాళ్ళు మా వంశంలో లేరు. చివరికి ఒక ఒప్పందం కుదిరింది. పత్రికలు ముందు అవ్వ చేతికి ఇవ్వాలి. ఆమె వాటిని మడత దగ్గర కత్తెర లేకుండా చేత్తోనే మెల్లగా విడదీస్తుంది. పేర్లున్న సగం, దేవుని బొమ్మ ఉన్న సగం ఆమెవి. అవి దేవుని గూట్లో పెట్టి, అమావాస్యకు గోదారిలో కలపమని కందకుర్తి పోయేవాళ్ళ చేతికి ఇస్తుంది. ఖాళీగా ఉన్న సగం నాది. అట్లా ఊళ్ళో సంసారాలన్నీ చల్లగా ఉండగా నా అట్టలు కూడా తయారయ్యాయి. చాలా అట్టలకు అంచున పసుపు మరక ఉండేది. అది చూస్తే నాకు భలే ధైర్యంగా ఉండేది.

ఇంకో అడ్డం ఇంగ్లీషు. పుస్తకంలో అర్థాలు ఇంగ్లీషులో ఉండేవి కనుక నేనూ వెనక అదే రాసుకుంటూ వచ్చాను. చెప్పబోతే ప్రతిసారీ వాక్యం తలకిందులయ్యేది. ఒకరోజు ఒక వాక్యాన్ని ముక్కలు ముక్కలుగా విడదీసి, ఒక్కో ముక్క కింద తెలుగు రాసి చూశాను. కినో, వతాషి వ, ఇచిబా దె, సకన ఒ, కైమాష్త. నిన్న, నేను, బజారులో, చేపలు, కొన్నాను. వరస ఒక్కటి కూడా అటూ ఇటూ కాలేదు. నేను లేచి నిలబడ్డాను. వీళ్ళు మనలాగే మాట్లాడుతున్నారే! క్రియ చివరికి వస్తుంది. బజారు తర్వాత 'లో' వచ్చినట్టే వాళ్ళకూ ఒక తోక వస్తుంది. నేను మాత్రం నిజామాబాద్ నుంచి బోధన్ రావడానికి బొంబాయి మీదుగా తిరుగుతున్నాను. ఆ పూటే కూర్చుని ఇంగ్లీషు అర్థాలన్నీ కొట్టేసి తెలుగు రాశాను. అది కూడా పుస్తకం తెలుగు కాదు, ఇంట్లో మాట్లాడే తెలుగు.

ఇంట్లోంచి బయటికి పోయేటప్పుడు వాళ్ళు ఇత్తె కిమాస్ అంటారు. పోయి వస్తాను అని. మనలాగే వాళ్ళు కూడా ఉత్త 'పోతున్న' అనరు. ఈ సంగతి అవ్వకు చెబితే ఆమె ముఖం విప్పారింది. "అయితే మంచోళ్ళే ఉన్నరు," అంది. ఆ తర్వాత జపాన్ వాళ్ళ మీద ఆమె ఏ ఫిర్యాదూ చెయ్యలేదు.

పుస్తకంలో వాక్యాలు రైలు స్టేషన్లు, హోటల్ గదులు, మంచులో స్కీయింగ్ గురించి ఉండేవి. నాకు వాటితో ఏం పని? క్యాసెట్‌లో దొరికిన వాక్యం ఎముకలు మాత్రం ఉంచి, ఒక్క ముక్క మార్చి కొత్త అట్ట చేసేదాన్ని. ఈ పసుపు మంచిది. ఈ పసుపు తడిగా ఉంది. ఈ బస్తా తడిగా ఉంది. ఒక అట్టకు ఒక్కటే కొత్త సంగతి, అంతకు మించి వద్దు. అట్లా చేస్తే ఒక వాక్యం నుంచి పది పుట్టేవి, ఏదీ మోయలేనంత బరువుండేది కాదు. పసుపు మాటలైపోయాక ఇంట్లో మాటలు చేశాను. అమ్మ కేకలు, అవ్వ గొణుగుళ్ళు, బస్సులో కండక్టర్ అరుపులు, అన్నీ జపాన్‌లోకి ఎక్కించాను. తెలియని మాట ఉంటే పుస్తకం వెనక పట్టికలో వెతికేదాన్ని. దొరక్కపోతే ఆ వాక్యాన్నే వదిలేసేదాన్ని.

అట్టలు తిరగెయ్యడానికి మూడు మిఠాయి డబ్బాలు పెట్టుకున్నాను. మొదటిది రోజుది. రెండోది అంగడిది, అంటే వారానికోసారి అంగడి రోజున తీసేది. మూడోది అమాసది. గంజిలో హమాలీలకు అమావాస్య సెలవు కాబట్టి ఆ రోజు బాపు ఇంట్లోనే ఉండేవాడు. తడుముకోకుండా చెప్పిన అట్ట ముందు డబ్బాలోకి పోతుంది, తప్పితే ఏ డబ్బాలో ఉన్నా తిరిగి రోజుదాంట్లోకి వస్తుంది. పొద్దున బాపు బస్సుకు పోయేముందు అరుగు మీద కూర్చుని రోజు డబ్బా పట్టుకునేవాడు. తెలుగు వైపు చదివేవాడు, నేను జపాన్ చెప్పాలి. ఆయన వెనక్కి తిప్పి చూసుకునేవాడు. పసుపు ఏరినట్టే ఏరేవాడు. ఒక్క అక్షరం పోయినా ఒప్పుకునేవాడు కాదు.

"దెసు అని రాసున్నది. నువ్వు దెస్ అన్నవు."

"పలికేటప్పుడు గట్లనే అంటరు బాపూ. క్యాసెట్ల విను."

"క్యాసెట్ సంగతి నాకెందుకు? రాసింది నువ్వే కదా? వెనకకు పో."

ఆ అట్ట రోజు డబ్బాలో పడేది. నేను రుసరుసలాడేదాన్ని. ఆయన మాత్రం ఎంతో తృప్తిగా బస్సుకు పోయేవాడు. ఇప్పుడు తలచుకుంటే నా బతుకులో మంచి పొద్దులన్నీ ఆ అరుగు మీదివే అనిపిస్తుంది. చెరుకు బండ్లు వరసగా ఫ్యాక్టరీ వైపు పోతుండేవి. గాలిలో బెల్లప్పాకం వాసన ఉండేది. లోపల అమ్మ దారం తెంపే చప్పుడు వినపడేది.

శివరాత్రి దాటింది. పెద్దాయన వచ్చాడని కబురొచ్చింది. నేను కొత్త చీర కట్టుకుని బాపుతో పాటు బస్సెక్కాను. దారి పొడుగునా ఆయన చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని వేళ్ళు ముడుస్తూ విప్పుతూ ఉన్నాడు. నేను తప్పితే పోయేది నా పరువు కాదు, ఆయన కొలువు.

గోదాములో సేటు, హమాలీలు, పక్క కొట్ల వాళ్ళు అందరూ ఉన్నారు. తమాషా చూడ్డానికే వచ్చారని తెలుస్తూనే ఉంది. పెద్దాయన సన్నగా, తెల్లజుట్టుతో, మెడలో తువ్వాలుతో ఉన్నాడు. నేను ముందుకు పోయి వంగి నమస్కారం పెట్టి, నేర్చుకున్న మొదటి వాక్యం మొదలుపెట్టబోయాను. ఆయన చెయ్యెత్తి నన్ను ఆపి, జేబులోంచి ఒక ఇనుప రింగుకు గుచ్చిన చిన్న చిన్న అట్టముక్కలు తీశాడు. ఒకటి తిప్పి చూసుకున్నాడు.

"నమస్తే. ఆప్ కైసే హై?" అన్నాడు సేటుతో.

గోదామంతా గొల్లుమంది. సేటు ఆనందం చెప్పనలవి కాదు. పోయినేటి దుబాసీ తంటా చూసి, పెద్దాయన కూడా ఏడాదంతా అట్టలు చేసుకుని హిందీ నేర్చుకుని వచ్చాడు. ఇక నాతో పనేముంది? "యే అచ్ఛా హై. దామ్ జ్యాదా హై. థోడా కమ్ కీజియే." ఒక్కో అట్ట తిప్పుతూ ఆయన చక్కగా బేరం చేస్తున్నాడు. సేటు నా వైపు, బాపు వైపు చూసి మీసాల్లో నవ్వుకుంటున్నాడు. నేను గోడ పక్కన నిలబడ్డాను. బాపు తల వంచుకుని బస్తాల మీద గుర్తులు వేస్తున్నాడు. నాకు ఏడుపొచ్చింది, ఆ పెద్దాయన మీద కోపం కూడా వచ్చింది. ఇంత దూరం వచ్చి నా నోటి దగ్గరి మాట లాక్కుంటాడా?

బేరం కుదిరింది. పెద్దాయన తనకు నచ్చిన కుప్పలోంచి మొదటి బస్తాకు గుర్తు వేసి, అవతల ఇంకో కుప్ప చూడ్డానికి పోయాడు. మా గంజిలో కొత్త పసుపు మొదటి బస్తా కదిలేముందు పూజ చేస్తారు. బాపు ఆ రోజు అతిథి మీద గౌరవం కొద్దీ, ఆయన గుర్తు వేసిన బస్తానే తెచ్చి, మూతి విప్పి, పసుపు మీద కుంకుమ చల్లి, అగరొత్తులు గుచ్చి, దాని మీదే కొబ్బరికాయ కొట్టాడు. నీళ్ళు కాస్త పసుపులోకి పోయాయి. మంచి శకునమని హమాలీలు చప్పట్లు కొట్టారు.

పెద్దాయన వెనక్కి తిరిగి చూసి అదిరిపడ్డాడు. పరుగున వచ్చి, సంచిలోంచి తేమ కొలిచే చిన్న మిషన్ తీసి బస్తాలో గుచ్చాడు. ముల్లు ఎక్కడికో పోయింది. కుంకుమను వేలితో తాకి చూసుకున్నాడు. ఆయన రింగు అట్టలు గబగబా తిప్పాడు. కొబ్బరికాయకు, కుంకుమకు అందులో వాక్యం లేదు. చివరికి "నహీ, నహీ" అని రెండు చేతులూ ఊపి ఆ బస్తాను కాలితో పక్కకు నెట్టాడు.

పూజ చేసిన బస్తాను కాలితో నెట్టడం! సేటు ముఖం నల్లబడింది. "లక్ష్మిని తన్నిండు. సౌదా బంద్! బేరం లేదు!" అని అరిచాడు. తర్వాత బాపు మీదికి తిరిగాడు. "గీ బస్తానే దొరికిందా మునీమ్‌జీ నీకు?"

బాపు కొబ్బరి చిప్పలు రెండు చేతుల్లో పట్టుకుని అట్లాగే నిలబడ్డాడు. నా బాపును అట్లా నిలబడగా నేను అంతకుముందు చూడలేదు.

పెద్దాయన నేల చూస్తూ తనలో తాను అంటున్నాడు, షిమెత్తె ఇమాస్, షిమెత్తె ఇమాస్ అని. తడిగా ఉంది, తడిగా ఉంది. ఆ మాట నా చెవిన పడింది. ఆయన తన్నింది దేవుణ్ణి కాదు, తడిని. ఇది ఆయనకు ఇవ్వబోయే సరుకనీ, మేమే పాడుచేశామనీ అనుకుంటున్నాడు.

నా డబ్బాల్లో దీనికి వాక్యం లేదు. కానీ పండగ పూట పిల్లలు నైవేద్యం మీద చెయ్యి వేస్తే మా అవ్వ ఒక మాట అనేది, అది దేవునిది, మీది వేరే ఉన్నది అని. ఇంట్లో మాటలు ఎక్కించినప్పుడు దాన్ని కూడా ఎక్కించాను. ఇప్పుడు అందులో 'మీది' తీసి 'అతిథిగారిది' అని పెట్టాను.

"కొరె వ కమిసమ నో దెసు. ఒక్యకుసమ నో వ, బెత్సు ని అరిమాస్."

ఇది దేవునిది. అతిథిగారిది వేరే ఉన్నది.

ఆయన తలెత్తి నన్ను చూశాడు. బస్తాను చూశాడు. అగరొత్తులను చూశాడు. "కమిసమ నో?" అన్నాడు. నేను తలూపాను. ఆయన ముఖం ఎర్రబడిపోయింది. రెండడుగులు వెనక్కి వేసి, ఆ బస్తా ముందు నడుము దాకా వంగాడు. రెండుసార్లు చప్పట్లు కొట్టి, చేతులు జోడించి, కళ్ళు మూసుకుని నిలబడ్డాడు. వాళ్ళ దేవుడికి అట్లాగే మొక్కుతారని తర్వాత చెప్పాడు.

నేను సేటు వైపు తిరిగాను. "సేటు, ఆయన లక్ష్మిని తన్నలేదు. తడి సరుకు కట్టబెడ్తున్నరని భయపడ్డడు. గీ బస్తా దేవునికి ఇయ్యున్రి. ఆయనకు వేరేది తూకం పెట్టున్రి."

సేటు బస్తాను, చేతులు జోడించి నిలబడ్డ ఆ పెద్దాయనను మార్చి మార్చి చూశాడు. సేటు కోపిష్ఠే గానీ చెడ్డవాడు కాదు. "మొక్కిండు కదా. మొక్కినంక ఇంకేముంది?" అన్నాడు. హమాలీలు ఇంకో బస్తా తెచ్చారు. పూజ బస్తా ఆ సాయంత్రమే గుడికి పోయింది.

మధ్యాహ్నం సేటు ఇంటి నుంచి అన్నం వచ్చింది. పెద్దాయన నా పక్కన కూర్చుని తన రింగు అట్టలు చూపించాడు, నేను చేతిసంచిలోంచి నావి తీశాను. ఆయన వెనక్కి తిప్పి, పెండ్లి పత్రిక అంచున ఉన్న పసుపు మరకను వాసన చూసి, ఇది కాడి కదా అన్నాడు. అందరం నవ్వాం. ఆయనకు ఒక వాక్యానికి ఒక అట్ట చెయ్యడానికి ఎంతసేపు పడుతుందో అడిగాను. ఆయన కూడా ఒక్కొక్కటే మొదలుపెట్టి పూర్తిచేస్తున్నాడట. నేను మా రేకు సంగతి, పూటకో పని సంగతి వచ్చినంత మటుకు చెప్పాను. ఆయన శ్రద్ధగా విని తల ఊపాడు.

సాయంత్రం బస్సులో కిటికీ పక్క సీటు బాపు నాకిచ్చాడు. మా ముందు చెరుకు లారీ ఒకటి పోతోంది. డ్రైవర్ ఎంత హారన్ కొట్టినా దారి ఇవ్వడం లేదు. బాపు చాలాసేపు ఆ లారీనే చూస్తూ కూర్చున్నాడు. నేను శభాష్ అంటాడేమోనని ఎదురుచూశాను. అనలేదు. ఊరు దగ్గర పడ్డాక మాత్రం గొంతు సవరించుకున్నాడు.

"జపాన్ల 'ఇది నా బిడ్డ' అని ఎట్లంటరు?"

"ఎందుకు బాపూ?"

"చెప్పరాదు."

చెప్పాను. ఆయన పెదాలు కదిలించి చూసుకున్నాడు. ఇంటికి పోగానే ఒక అట్ట అడిగి తీసుకున్నాడు. తన అక్షరాలతో తానే రాసుకుని జేబులో పెట్టుకున్నాడు. నన్ను ఏ డబ్బాలోనూ వెయ్యనివ్వలేదు. ఎప్పుడు తీసి చూసుకునేవాడో, ఎంతకోసారి చూసుకునేవాడో నాకు తెలియదు.

తర్వాతి సీజన్లో పెద్దాయన మళ్ళీ వచ్చాడు. అప్పటికి నేను సేటు దగ్గర ఉద్యోగంలో ఉన్నాను, గద్దె పక్కన నాకొక కుర్చీ కూడా వేశారు. ఆయన గోదాములో అడుగుపెట్టగానే నేను లేచి నమస్కారం పెట్టబోయాను. నా కంటే ముందు బాపు పోయాడు. అందరూ చూస్తుండగా ఆయన ముందు నిలబడి, నా భుజం మీద చెయ్యి వేశాడు.

"వతాషి నో ముసుమె దెసు," అన్నాడు. ఆ దెసును రాసింది రాసినట్టు, ఒక్క అక్షరం మింగకుండా పలికాడు.

పెద్దాయన బాపు రెండు చేతులూ పట్టుకుని జపాన్‌లో ఏదో చాలా చెప్పాడు. బాపుకు అందులో ఒక్క ముక్క తెలియదు. అర్థం చెబుదామని నేను నోరు తెరిచాను. బాపు నా వైపు తిరగనే లేదు. అన్నీ తెలిసినట్టే తలూపుతూ వింటున్నాడు, కళ్ళ నిండా నీళ్ళు పెట్టుకుని.